నేల తీగ

ఆగు బ్రైస్, ఆ మైకు దగ్గరికి పోకు.
గిటారు మెడలో వేసుకున్నావు సరే,
నేనింకా కొలవలేదు.

నవ్వుతావు. నవ్వుకో.
ఈ గలీసియాలో వాన ఎప్పుడు ఆగింది గనక
ఎలాడియో ముసలాడి చాదస్తం ఆగడానికి.
లారీ రెక్క దించితే అదే మన వేదిక,
కింద తడిసిన గ్రానైటు రాళ్లు,
పక్కన రాగి కాగులో ఆక్టోపస్ ఉడుకుతోంది,
ఆవిరిలో నిలబడి డోసిండ
కత్తెరతో దాని కాళ్లు ముక్కలు చేస్తోంది.
యూకలిప్టస్ కొమ్మల నుంచి నీళ్లు
మన కేబుళ్ల మీదికి బొట్లుబొట్లుగా.
ఇవాళ ఈ ఊరి సెయింటు పండగ,
రాత్రి రెండింటిదాకా జనం ఎగరాలి.

మైకుల కరెంటు మన జనరేటరుది.
నీ ఆంప్లిఫయరుని మాత్రం ఎవడో పుణ్యాత్ముడు
బారు కిటికీలోంచి లాగిన తీగకి తగిలించాడు.
రెండూ కరెంటే కదా అంటావు.
దాని నేల వేరు, దీని నేల వేరు అబ్బాయ్.
చేత్తో తీగలు నొక్కి
పెదవులు మైకుకి ఆనించి నువ్వు నిలబడ్డావో,
ఆ రెంటి నడుమ వంతెనవి నువ్వే.

ఇదిగో చూడు.
మీటరు ముల్లు ఒకటి నీ గిటారు తీగకి,
ఇంకొకటి మైకు జాలీకి.
తొంభై ఆరు.
పాట మొదలుకాకముందే
తొంభై ఆరు వోల్టులు నీ ముద్దు కోసం కాచుకున్నాయి.

ఇప్పుడు నవ్వు.

గుయ్యిమంటోందని విసుక్కున్నావు కదూ పొద్దున.
ఆ రొద నాకూ గిట్టదు.
ముప్పై ఏడేళ్ల కిందట, లాలిన్ దగ్గర ఒక పండగలో,
అదే రొద, ఇదే వాన.
అమారో మా గాయకుడు. చెవి మహా సన్నం.
"ఎలాడియో, ఆ తుమ్మెదని చంపవోయ్" అన్నాడు.
చంపాను.
ప్లగ్గు పక్కనున్న రెండు ఇత్తడి రేకుల మీద
నల్ల టేపు చుట్టాను.
రొద ఆగింది. శభాష్ అన్నారందరూ.
నేల విడిచి సాము అంటారే,
అది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని
నాకప్పటికి తెలీదు.

రెండో పాట, మొదటి చరణం.
అతను మైకుని ముట్టుకున్నాడు, ఇక వదల్లేదు.
ఉద్వేగం అనుకున్నారు జనం. చప్పట్లు కొట్టారు.
కరెంటు పట్టుకుంటే గుప్పిట మూసుకుంటుంది బ్రైస్,
తెరవడం మనిషి చేతిలో ఉండదు.
అకార్డియన్ సబేలా అతన్ని లాగబోయింది.
ముట్టుకోవద్దని నేనరిచిన అరుపు
స్పీకర్లలోంచి నాకే వినిపించింది.
లారీ డ్రైవరు మెయిన్ దించాడు.
అంతా కలిపి నాలుగు సెకన్లు.
నేనవి ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను.

బతికాడు.
పై పెదవి మీద పొడుగాటి మచ్చ,
ఎడమచేతి రెండు వేళ్లు అప్పటినుంచి వంగవు.
టేపు సంగతి అతనెప్పుడూ అడగలేదు.
నేను చెప్పడానికి ఆరేళ్లు పట్టింది.

అందుకే, ఆ బారు తీగ పీకెయ్.
అన్నీ ఒక్క పెట్టెలోంచే, ఒక్క నేల మీదే.
రొద వస్తే రానీ,
సిగ్నలు దారిలో ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడదాం,
దాని గొంతు అక్కడ నొక్కుదాం.
నేల తీగ జోలికి మాత్రం పోవద్దు.
కేబుల్ జాయింట్లు రాళ్ల మీద వద్దు,
ఆ ఖాళీ సోడా పెట్టెల మీదికి ఎక్కించు.
బీరు గ్లాసు ఆంప్లిఫయరు మీదినుంచి తియ్. నీదే.

మళ్లీ కొలుస్తా.
సున్నా... సున్నా పాయింట్ మూడు. అది లెక్కలోది కాదు.

ఇంకొక్క పని మిగిలింది, అది నాది కాదు.
అడుగో వస్తున్నాడు, గొడుగు లేకుండా,
చేతిలో డోసిండ ఇచ్చిన చెక్కపళ్లెం.
ప్రతి పండగకీ వస్తాడు, అడక్కుండానే.
పంపిణీ పెట్టె తలుపు తీస్తాడు,
ముప్పై మిల్లీయాంపుల స్విచ్చు కింద
చిన్న పసుపు బొత్తాం,
వంగని వేలితోనే నొక్కుతాడు.

టక్.
వేదికంతా చీకటి.
జనం ఈలలు వేస్తారు, తిడతారు.
అమారో తలూపుతాడు, పని చేస్తోందని.
ఒక ముక్క నోట్లో వేసుకుని
నమిలి, మింగి,
అప్పుడు గానీ స్విచ్చు పైకెత్తడు.

అంతవరకూ
వాన చప్పుడు విను.