తరుగు

మిర్చి యార్డులో ఇరవై రెండేళ్ళుగా గుమస్తాని.
కళ్ళకు గంతలు కట్టినా
ఇది తేజ, ఇది బాడిగ అని ఘాటుతో చెబుతాను.
మా ధనకోటి నవ్వితే
ఎడమ పక్క పన్ను కాస్త ఎత్తుగా ఉంటుందని మాత్రం
మొన్న రేషన్ కార్డు ఫొటోలో చూసి తెలుసుకున్నాను.

టిక్కీ కాటా ఎక్కగానే తరుగు తీసేస్తాం.
గోనె బరువని కొంత, తేమని కొంత,
ఎందుకో ఎవరికీ గుర్తులేనిది మరికొంత.
రైతు నోరు తెరిచేలోపు
చీటీ చేతిలో పెడతాం.

ఇంటికెళ్ళాక నా సాయంత్రానికీ అదే కాటా.
షావుకారు ఫోను కొంత,
బొటనవేలు పైకి నెట్టే వీడియోలు కొంత,
రేపటి జెండా పాట ఎంత పలుకుతుందోనన్న బెంగ కొంత.
పోగా మిగిలింది పట్టుకుని పిల్ల దగ్గరికెళితే
అప్పటికే నిద్రపోయి ఉండేది,
హోంవర్కు మీద చెంప ఆనించి.

పోనీ పనిలోనైనా పని చేశానా అంటే
అదీ అడగొద్దు.
నాలుగింటికల్లా నా లెక్కలైపోతాయి.
షావుకారు ఉండగా లేస్తే బాగోదని
అదే కూడిక మూడుసార్లు కూడి, టీ తాగి, మళ్ళీ కూడి,
రాత్రి ఎనిమిది దాకా కుర్చీకి కాపలా కాశాను.
కుర్చీ ఎటూ పోలేదు.

నిరుడు మాఘంలో
దుర్గి నుంచి చినపిచ్చయ్య వచ్చాడు,
నాలుగు మడతల కోల్డ్ స్టోరేజీ చీటీతో.
మూడేళ్ళ కిందటి సరుకు.
రేటు పెరుగుతుందని ఆగాడట.
పెరిగాక, ఇంకా పెరుగుతుందని ఆగాడట.
టిక్కీ మూతి కోసి గుప్పెడు తీశాను.
కాయ కాయలాగే ఉంది,
విరిస్తే గింజలు గలగలమన్నాయి.
ఎరుపే లేదు.
"కుళ్ళలేదుగా బాబూ?" అన్నాడు.
"కుళ్ళలేదు" అన్నాను.
తాలు కింద రాశాను.
గిడ్డంగి అద్దె పోను చేతికొచ్చింది రెండుసార్లు లెక్కపెట్టుకుని
నాకూ ఒక నిమ్మసోడా ఇప్పించి వెళ్ళాడు.
ఆ సోడా ఎందుకో గొంతు దిగలేదు.

ఉజ్జ్వల ఐదేళ్ళప్పుడు సముద్రం చూస్తానంది.
యార్డుకి ఎండాకాలం సెలవులివ్వనీ, అన్నాను.
సెలవులిచ్చారు.
ఇచ్చినప్పుడల్లా పాత బాకీల పుస్తకం
ఇంటికి తెచ్చుకుని కూర్చున్నాను.
ఇప్పుడు దానికి పద్నాలుగు.

ఈ మే నెలలో వెళ్ళాం.
బాపట్ల దాకా రైలు, సూర్యలంకకి ఆటో.
ఎన్నింటికి స్నానం, ఎన్నింటికి ఇడ్లీ, ఎన్నింటికి తిరుగు బండి
అన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళాను.
ధనకోటి దాన్ని చూసి ఏమీ అనలేదు,
వేరుశనగ తొక్కలు పోసి మడిచింది.
షావుకారు ఫోను మోగింది.
తియ్యలేదు.
పన్నెండుసార్లు మోగింది.
లెక్కపెట్టాను, అబద్ధమెందుకు.

పిల్ల అలల్లోకి ఉరకలేదు.
"ఇప్పుడా నాన్నా, ఈ ఎండలో?" అని
చెవుల్లో పాటలు పెట్టుకుని గట్టున కూర్చుంది.
ఐదేళ్ళ పిల్ల వేసే కేకలు నేను వెంట తెచ్చుకున్నాను,
దింపడానికి చోటు లేదు.

పొద్దు వాలాక తనే లేచి
మోకాళ్ళ లోతుకి వచ్చింది.
ఒక అల విసురుగా కంట్లో కొట్టింది.
తుడవబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను,
పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు,
నా వేళ్ళు తగిలితే మంట.
అది నా వంక చూసి
"సెలవులు కదా నాన్నా,
మండదులే" అంది.
మొహం ముందుకు పెట్టింది.

జూన్‌లో యార్డు తెరిచారు.
ఇప్పుడు ఆరింటికి లేస్తున్నాను.
"అప్పుడేనా ఏడుకొండలూ?" అంటాడు షావుకారు.
కుర్చీ ఇక్కడే ఉంటుందండీ, అంటాను.
తరుగు ఇంకా పోతూనే ఉంది,
కాకపోతే ఎటు పోతోందో చీటీ రాసుకుంటున్నాను.

నిన్న మళ్ళీ ఎనిమిదయింది.
అదీ రాశాను.