పదిహేడో నంబరు డబ్బా

తుగ్గలి పక్కన మా ఆస్పత్రికి బల్ల ఒకటే.
దాని మీదే టీకాల రిజిస్టరు, పాముకాటు సూదుల లెక్క,
ఓ మూలకు నా పరిశోధన ఫైలు,
ఫ్యాను గాలికి ఎగరకుండా పైన నాపరాయి ముక్క.

పెద్దాస్పత్రిలో రోగి మంచం మీద దొరుకుతాడు.
ఇక్కడ చేన్లో ఉంటాడు. లేకుంటే
గుంటూరు దిక్కు మిరప కోతకు లారీ ఎక్కి ఉంటాడు.
వారాల లెక్క వేసినవాళ్లకు
మా వానల లెక్క తెలియదు.

పదకొండు పేజీల అంగీకార పత్రం
ఒక్కొక్కరికీ చదివి వినిపించాలి.
"యాదృచ్ఛికంగా" అన్న చోట నా నాలుకే మడతపడుతుంది.
చీటీలేసినట్టు, అని చెప్తాను.
రోజూ వేసుకునే బీపీ మాత్ర మానొద్దు,
దానికి తోడు ఇంకొకటి.
అందులో మందుండొచ్చు, ఉత్త పిండి ఉండొచ్చు.

మద్దిలేటి తలపాగా విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.
"ఏది మందో నీకు తెల్దా?"
తెల్దు.
"డాక్టరమ్మకు?"
ఆమెకూ తెల్దు.
"మరి ఎవురికి తెల్సమ్మే?"
హైదరాబాదులో ఒక కంప్యూటరుకు.
దగ్గొచ్చేదాకా నవ్వినాడు.
"అంతా తెల్సునని ఏలుముద్ర ఏయించుకున్నోళ్లనే సూసినా,
బ్యాంకోళ్లను, ఇత్తనాలోళ్లను.
తెల్దని చెప్పి అడిగిందానివి నువ్వే."
సిరా బిళ్ల తనే ముందుకు లాక్కున్నాడు.

హుస్సేనమ్మ డబ్బాలో పద్నాలుగు తక్కువొచ్చాయి.
తోడికోడలికీ తల తిరుగుతాందంట,
చెరిసగం పంచుకున్నారు, ఉగ్గాని పంచుకున్నట్టు.
డాక్టరమ్మ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.
ఆ మధ్యాహ్నమే తోడికోడలిని పిలిపించి బీపీ చూసింది.
నియమోల్లంఘన ఫారంలో "కారణం" ఎదురుగా గీత చిన్నది.
"తోడికోడలు" అని రాశాను.
ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు పెట్టి,
"మాత్రలు ఇతరులకు ఇచ్చుట" అని రాశాను.

తొలి వానకు జొన్నగిరి చేలల్లో జనం దిగారు.
బళ్లారి నుంచి, ఆదోని నుంచి,
సద్ది మూటలతో, నేలకే కళ్లప్పగించి.
పన్నెండో వారం పరీక్షకు మద్దిలేటి రాలేదు.
ఏడు రోజుల గడువులో ఐదు అయిపోయాయి,
ఫోను మోగి మోగి ఆగింది.
బీపీ మిషను సంచిలో వేసుకుని నేనే పోయాను.
అన్ని వంగిన వీపుల్లో
ఆయన వీపు పోల్చుకునేసరికి గంట పట్టింది.

గట్టు మీద కూర్చోబెట్టాను.
ఐదు నిమిషాలు మాట్లాడకూడదు, కాళ్లు నేలకానాలి,
చెయ్యి గుండె ఎత్తున ఉండాలి.
ఆ ఎత్తుకు నా సంచి, దాని మీద ఎవరిదో సద్ది గిన్నె.
ఎర్రనేల ఆవిరి.
ఇద్దరు పిల్లలొచ్చి తామూ మాట్లాడకుండా నిలబడ్డారు,
ఏదో దొరికిందనుకుని.

నూట నలభై రెండు. తొంభై.
పరీక్ష జరిగిన చోటు: ఆస్పత్రి, ఇల్లు, ఫోను.
చేనుకు గడి లేదు.
"ఇతరములు" దగ్గర టిక్కు పెట్టాను.

రొండిన దోపుకున్న డబ్బా తీసిచ్చాడు.
నాలుగు మిగలాలి.
అరచేతిలోకి వంపితే ఐదు.
నాలుగు తెల్లవి, ఒకటి వడగల్లు రంగుది,
ఇంకా మట్టి వదల్లేదు.
"అది నాది" అన్నాడు. "సేటు సూసి చెప్పాల."

మాత్రలు లెక్క రాసుకున్నాను.
రాయి ఆయన చేతిలో పెట్టి
కొత్త డబ్బా ఇచ్చాను.
మూత తిప్పి, ముందు
రాయిని అందులో వేసుకున్నాడు.