చివరి నాలుగు

జహ్రాలో, వంటింటి వెనక
నాకిచ్చిన గదిలోనే వాషింగ్ మెషీన్.
దాని మీద నా లాప్‌టాప్.
నవ్వాఫ్ పారేయబోతాంటే అడిగి తెచ్చుకున్నా.
ఒక మీట ఊడిపోయింది,
కింద రబ్బరు బొడిపెను గోటితో నొక్కాల.

పదో తరగతి తప్పినదాన్ని.
రాత్రి అంట్లయినాక
వీడియో ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళా ఆపి
ఏడాదిన్నరలో పైథాన్ నేర్చుకున్నా.
ఈ ఇంటి జమాఖర్చు ఇప్పుడు నా ప్రోగ్రామే చూస్తాది:
బియ్యం, నెయ్యి, ఏలక్కాయలు,
పిల్లికి వేసే మేత కూడా.

మొన్న కొత్తిమీరకు వంద ఫిల్సు,
నిమ్మకాయలకు రెండొందలు.
దినార్లలో కూడమంటే
సున్నా పాయింట్ మూడు అని రాసి
వెనక పదిహేను సున్నాలు వరసగా నిలబెట్టి
చిట్టచివర ఒక నాలుగు పెట్టింది.

ఎవరిదా నాలుగు?
నేను వెయ్యలేదు. అంగడోడు అడగలేదు.
"అంత చిల్లర నా దగ్గర లేదు రెడ్డెమ్మా"
అని నవ్వింది మేడమ్.
యాడనో దొరికిన లైను అతికిస్తే పోయింది.
ఎట్ల పోయింది? అన్నాడు నవ్వాఫ్.
తెలీదు.
ఎట్ల వచ్చింది?
అదీ తెలీదు.

చింతపండు ఎంత పిసకాలో
నా చేతికి తెలుసు.
ఇది చెయ్యి చెప్పేది కాదు.

ఫర్వానియాలో శుక్రవారం క్లాసులంట.
ఫీజు నాలుగు నెలల జీతం.
ఫారంలో "ఎందుకు చేరుతున్నారు?" అని ఒక గడి.
ఉద్యోగానికని రాయక్కా, అనింది కౌంటర్లో పిల్ల.
నేను కొత్తిమీర కాడ మొదలుపెట్టినా.
గడి చాల్లేదు.
కాయితం వెనక్కి తిప్పినా.