ఇల్లు లాగిన రోజు

మా చిలోయే దీవిలో ఇళ్ళు నడుస్తాయి.
నవ్వకండి, నిజమే.
సముద్రం గట్టును కొరుక్కుంటూ గుమ్మం దాకా వస్తే
కొయ్య ఇంటిని పునాది దిమ్మెల మీంచి పెకలించి
కింద దుంగలు తోసి
ఎడ్లు కట్టి, మోకులు పట్టి
ఊరు ఊరంతా లాక్కుపోతుంది.
కూలి ఉండదు.
ఆల్చిప్పలూ దుంపలూ పొగబెట్టిన మాంసమూ
గోతిలో, కాలిన రాళ్ళ మీద ఉడికించి
ఇంటివాళ్ళు కడుపునిండా పెడతారు.
దీన్ని మింగా అంటాం.

ఈ మార్చిలో ఎలియెసర్ బారియా ఇంటికి మింగా.
నలభై మంది కావాలి.
వచ్చింది పదకొండు మంది, రెండు జతల ఎడ్లు,
ఎవరిదో ఒక కుక్క.

రానివాళ్ళు దూరమేం పోలేదు.
కిటికీ తెరల వెనక
వాళ్ళ ముఖాలు నీలంగా వెలిగి ఆరుతున్నాయి.

ఎలియెసర్ తన తీరాన్ని సాల్మన్ చేపల కంపెనీకి అమ్మేశాడని,
అందుకే ఇల్లు మారుస్తున్నాడని
లైట్‌హౌస్ బొమ్మ పెట్టుకున్న ఎవరో రాశారు.
ఆ లైట్‌హౌస్ మా దీవిది కాదు.
అది ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు.
నిప్పు లేనిదే పొగ రాదుగా, అన్నాడు పోస్టాఫీసు రమీరో.
పొగ ఆ రోజు అందరికీ కనిపించింది,
ఎలియెసర్ పెరటి గోతిలోంచి,
నలభై మందికి వండుతున్న పొగ.

నాకేం తెలుసు అమ్మాడో లేదో.
కానీ చదవగానే ఒంట్లో వెచ్చగా అయింది,
వాన పొద్దున పొయ్యి పక్కన కూర్చున్నట్టు,
న్యాయం నా వైపే ఉందన్న వెచ్చదనం.
ఒక చేత్తో టీ తాగుతూనే
రెండో చేతి బొటనవేలితో ముందుకు తోశాను.
ఇంటికైతే నలభై మంది కావాలి.

నేను ఎన్నికలప్పుడు కూడా నోరు విప్పని మనిషిని.
గొర్రెల ధర, వాన, పడవ వేళలు,
నాకున్న అభిప్రాయాలు అంతవరకే.
మూడేళ్ళలో అన్నిటి మీదా వచ్చేశాయి:
ఎన్నడూ చూడని దేశాల సరిహద్దుల మీద,
ఎవరో నటి విడాకుల మీద,
ఇదిగో, పక్కింటివాడి తీరం మీద.
నాలోనే మొలిచాయనుకున్నాను.
"నీ కోపం ఏ విత్తనందిరా?" అని
మా అత్త ఓర్ఫీలియా ఒకసారి అడిగింది.
ఆవిడ పదిహేడు రకాల బంగాళాదుంపలు కాపాడిన మనిషి,
ఏ దుంప ఏ పెరటి నుంచి వచ్చిందో చెప్పగలదు.
నేను చెప్పలేకపోయాను.

ఆ పదకొండు మందిలో నేను లేను.
వీడియో తీద్దామని వెళ్ళాను.
సాక్ష్యం కోసం అనుకున్నాను, దేనికి సాక్ష్యమో.

వాలులో దుంగ జారింది.
ఇల్లు ఒక పక్కకి ఒరిగింది, గర్భిణి కూర్చోబోయినట్టు.
లోపల ఎక్కడో గిన్నెలు దొర్లాయి.
ఎవరో అరిచారు, "చెయ్యి!"
నా పేరు కూడా కాదు, వట్టి చెయ్యి.
ఫోను బురదలో పడిందో, నేనే పడేశానో,
మోకు చేతిలో ఉంది.
నా ముందు ఎలియెసర్ కూతురు రోసెండా వీపు,
తడిసిన ఉన్ని వాసన.
లాగాం. జానెడు కదిలింది.
మళ్ళీ లాగాం.
చీకటి పడేసరికి ఇల్లు బాట మధ్యలో ఆగిపోయింది.
పదకొండు, నాతో పన్నెండు, అంతకన్నా కాలేదు.

మోకు ఒరిపిడికి బొటనవేలి చర్మం ఊడిపోయింది.
ఎలియెసర్ చూసి కొవ్వు రాసి గుడ్డ చుట్టాడు.
నలభై మంది వంట మిగిలిపోయిందని
నా పళ్ళెంలో రెండోసారి వడ్డించాడు.
తిన్నాను.
చెప్పలేదు.

ఇంటికొచ్చి ఫోను తుడిచి వేలు ఆనిస్తే
నువ్వెవరివో తెలీదంది.
నంబరు కొట్టమంది. మర్చిపోయాను.
వారం రోజులు అది అలా బల్ల మీద
వెలుగుతూ, వణుకుతూ,
నేను ఇటువైపు.
ఆ వారం ఎవరి మీదా కోపం రాలేదని అనను.
వచ్చింది. కాకపోతే నెమ్మదిగా,
దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగిపోయేంత నెమ్మదిగా.

ఎలియెసర్ ఇల్లు ఇంకా బాట మధ్యలోనే ఉంది.
పాల బండి చుట్టుతిరిగి పోతోంది.
నేను తోసిన మాట మాత్రం
ఏ దుంగలూ ఎడ్లూ లేకుండా
పక్క దీవులు దాటిందట.

చర్మం మళ్ళీ వచ్చింది.
నిన్న ఫోను నన్ను గుర్తుపట్టింది.