పొట్టి పీటలు

ఆంట్వెర్ప్‌లో వాన పడని మంగళవారం నాకు గుర్తులేదు.
రైలు కట్ట పక్కన, కోషర్ రొట్టెల కొట్టు దాటి
తొమ్మిది మెట్లు దిగితే మా నేలమాళిగ.
ఎడమ గోడకు పెళ్లి కుర్చీలు, మడతపెట్టినవి, మూడు వందల పన్నెండు.
కుడి గోడకు పీటలు, మోకాలెత్తు కూడా లేనివి, నలభై.
అద్దె లేదు, హామీ లేదు.
పుస్తకంలో పేర్లు రాయం.
తేదీ, లెక్క, ఎన్నో అంతస్తు,
లిఫ్టు ఉందా లేదా.

ఫోన్ మోగితే అడిగేది ఒకటే:
పొడుగువా, పొట్టివా?
జవాబు వచ్చేలోపు ఉన్న ఆ కాస్త ఖాళీలోనే
ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది.

ముప్పై ఏళ్లు వజ్రాలు సానపట్టిన చేతులు ఇవి.
ఇప్పుడు ఎంత రుద్దినా మెరవని బీచ్ చెక్క మోస్తున్నాయి.
వ్యాను నడిపే జెలిగ్‌కు పంతొమ్మిదేళ్లు.
ఎర్ర లైటు దగ్గర ఆగితే ఈల వేస్తాడు.
పొట్టివి ఎక్కించిన రోజు వెయ్యడు.
నేను చెప్పలేదు వాడికి.

చావింట్లో మనం ముందు మాట్లాడకూడదు.
తలుపు తీసే ఉంటుంది, అద్దాల మీద దుప్పట్లు,
ఎవరో చొక్కా మెడ దగ్గర చింపుకుని ఉంటారు.
పీటలు దించి, లెక్క చూసుకుని, వచ్చేస్తాం.
ఇన్నేళ్లలో ఎన్ని ఓదార్పులు
నోటిదాకా వచ్చి, పెదవి కరుచుకుంటే
మెట్ల మీదుగా వెనక్కి దిగిపోయాయో.

ఆ చలికాలం ఒక గొంతు: పొట్టివి.
ఎన్ని?
ఒకటి.
ప్లాంటిన్ వీధి, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
ఒకే ఒక్క పీట అడిగే ఇల్లు ఎలా ఉంటుందో
రెండో అంతస్తులోనే మోకాళ్లకు అర్థమైంది.

ఏడు రోజులు గడిచాయి. పీట రాలేదు.
నెల గడిచింది. పస్కా పండుగ వచ్చి పోయింది.
కోశాధికారి ఓర్బాఖ్ పుస్తకం తిరగేసి
వెళ్లి అడగవయ్యా అన్నాడు.
ముప్పై తొమ్మిదితో సరిపోతోంది కదా అన్నాను.
నిజానికి ఒకసారి సరిపోలేదు.
ఆ రోజు మా ఇంటి పాల డబ్బా బోర్లించి, మీద గుడ్డ కప్పి పంపాను.

పదో నెలలో ఆమె తొమ్మిది మెట్లూ దిగి వచ్చింది.
వానకోటు పీటకు చుట్టి, తను తడిసి.
ముందు తనే మాట్లాడింది.
"ఇది నేల మీద కీచుమంటుంది, మీకు తెలుసా?"
తెలియదు. మోసేవాళ్లం, కూర్చునేవాళ్లం కాదు.
"కింది వాటాలో పసిపాప. రాత్రి నేను లేచినప్పుడల్లా
పీట అరిచేది, పాప ఏడ్చేది, తల్లి లేచి నడిచేది.
నా దుఃఖానికి ఆవిడ నిద్ర ఎందుకు పోవాలి?"
పీట తిరగేసింది. నాలుగు కాళ్లకూ గుండ్రంగా కత్తిరించిన
నల్ల ఫెల్టు బిళ్లలు.
టోపీలకు వాడే రకం, మంచి రకం.
గుర్తుపట్టాను. అడగలేదు.

"ఒక టోపీకి ఐదు పీటలు," అంది లెక్క చెబుతున్నట్టు.
"నా దగ్గర ఇంకో నాలుగింటికి ఉంది. మీకు ఇంకా ఏడు టోపీలు కావాలి."

మొదటిది ఓర్బాఖ్ తెచ్చాడు, అంచు నలిగింది,
వాళ్ల నాన్నదట. బల్ల మీద పెట్టి
ఏదో పని ఉన్నట్టు గబగబా మెట్లెక్కేశాడు.

ఇప్పుడు మంగళవారాలు ఫ్రాడెల్ లుస్ట్‌గార్టెన్ వస్తుంది.
కత్తెర తనది, జిగురు మాది.
పుస్తకంలో ఆమె పేరు లేదు,
ఆ "1" పక్కన మాత్రం నేను ఒక చిన్న గీత గీశాను,
తిరిగి వచ్చింది అని.

నిన్న ఫోన్ మోగింది. చేతులు జిగురుగా ఉండి
ఆమె మోచేత్తో ఎత్తింది.
పొడుగువా, పొట్టివా?
విని, నావైపు తిరిగి,
"పొడుగువి. నూట ఇరవై. ఆదివారానికి," అంది.
జెలిగ్ మెట్ల మీద నుంచే
ఈల మొదలుపెట్టాడు.