తడి సున్నం

డిసెంబరు రెండో శనివారం.
పర్లాకిమిడి తెలుగు సంఘం యవ్వనస్తులం పద్నాలుగు మందిమి
ఆరు బస్తాల గుల్లసున్నం, నీలిమందు పొట్లాలు,
ఎవరూ అడగని మైకుసెట్టుతో
భగబాన్ పాత్రో వ్యాను ఎక్కాం.
ఎబినేజరన్న ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి
మహేంద్రతనయ దాటేశాం.

ఘాటీలో ఇద్దరికి వాంతులు.
సేవకి వెళ్తున్నాం కదా, ఆమాత్రం సిలువ ఉంటుందని
ప్రభుదాసు నిమ్మకాయ వాసన చూస్తూ అన్నాడు.

కెరుబాసింగిలో మందిరానికీ
చుట్టూ ఉన్న ఇరవై రెండు ఇళ్ళకీ
పండగ లోపు వెల్ల వెయ్యాలి. అదీ పని.
ఆ రాత్రి డ్రమ్ములో సున్నం ఉడికింది.
పొయ్యి లేకుండా ఉడికే వంటని
సవర పిల్లలు చలి కాచుకుంటూ చూశారు.

నాకు పడింది చివరి ఇల్లు.
గడపలో ముసలమ్మ చోడంబలి తాగుతోంది.
చెవి తమ్మెలు సాగి వేలాడుతున్నాయి,
ఎప్పుడో తీసేసిన నగ బరువు ఇంకా మోస్తూ.
పేరడిగితే రెండు చెప్పింది:
సోంబారి.
కాసేపాగి, గుర్తొచ్చినట్టు, రూతు.

ఎర్రమట్టి గోడ మీద నిరుటి సున్నం
పెచ్చులు లేచిపోయి ఉంది.
కొబ్బరిపీచుతో గీకుతుంటే
గుర్రం కాలొకటి బయటపడింది.
ఇంకాస్త గీకాను. గుర్రం.
దాని మీద గొడుగు పట్టుకున్న మనిషి.
నిచ్చెన. నెమలి.
దువ్వెన పళ్ళలా వరసగా నిలబడ్డ జనం.
మూలన ఒక సైకిలు.
అన్నిటికీ పైన, ఎవరు చెప్పగా విన్నదో, విమానం.
అన్నీ బియ్యప్పిండితో, పుల్లతో గీసినవి.

నా చెయ్యి ఆగింది.
ఎబినేజరన్న వెనకనుంచి చూసి
"పాతవి నిరీక్షణా. రెండు పూతలు వెయ్యి" అన్నాడు.
కోపంగా కాదు, కొట్లో ధర చెప్పినట్టు.

ముసలమ్మ గిన్నె కడుక్కుని వచ్చింది.
సంతలో నేర్చిన తెలుగు ఆమెది.
"మా అత్త గీసింది" అంది.
"ఏటేటా సున్నం కొడతాం. ఏటేటా వానకి పైకొస్తాది.
మొండిది. బతికున్నపుడూ అంతే,
పొమ్మంటే పోదు."
నవ్వింది. ముందు పళ్ళు లేవు.
"కొట్టు పిల్లా, కొట్టు. పండగ కదేటి."

రూతు అనే కోడలు అత్తని విడిచిపెట్టలేదని
సండేస్కూల్లో పిల్లలకి చెప్పేది నేనే,
గుడ్డ బోర్డు మీద ఇద్దరు ఆడవాళ్ళని అతికించి.
ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను?
కుంచె ముంచాను.

అప్పటిదాకా నాకు తెలీదు,
తడిగా ఉన్నంతసేపు సున్నం ఏదీ దాచదని.
ఎరుపు ముదిరింది. గుర్రం మునుపటికన్నా తేటగా లేచింది.
సైకిలు చక్రంలో పుల్లలు లెక్కపెట్టాను, ఏడు.
ముసలమ్మ గోడకెదురుగా పీట వేసుకుని కూర్చుంది.
కోళ్ళు రుద్దుకోకుండా కాపలా అనుకున్నాను.
ఆరేదాకా కూర్చుంటుందట.
ఏటేటా కూర్చుంటుందట.

ఎండెక్కింది.
ముందు విమానం పోయింది.
తర్వాత నిచ్చెన, ఒక్కో మెట్టూ.
గొడుగు మనిషి కాసేపు తటపటాయించాడు.
ఆమె పెదవులు కదులుతున్నాయి.
ప్రార్థనో, అత్తని తిట్టడమో,
సవర మాట, నాకు అందలేదు.

రెండో పూతకి సున్నం చాలలేదని
ఎబినేజరన్నతో చెప్పాను.
డ్రమ్ములో సగం ఉంది.
ఆయన డ్రమ్ములోకి చూశాడు, నావైపు చూశాడు,
మూత పెట్టేశాడు.

తిరుగు దారిలో వేళ్ళు మండుతున్నాయి.
సున్నం తిన్న చోట చర్మం గుండ్రంగా లేస్తోంది,
ఎవరి దగ్గరా కొబ్బరినూనె లేదు.
మైకుసెట్టు కాళ్ళ మధ్య దొర్లుతోంది.
ఎన్ని ఇళ్ళయ్యాయని భగబాన్ అడిగాడు.

ఇరవై ఒకటిన్నర, అన్నాను.

ఆటపట్టిస్తున్నాననుకుని
మలుపులో హారన్ కొట్టాడు.