చేటెడు తవుడు

మా అత్త పేరు తవిటమ్మ.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
నాలుగోదాన్ని పురిటి చాప మీదే
పొరుగామె చేటెడు తవుడు పోసి కొనుక్కుంది,
పెంచి పెట్టమని మళ్లీ తల్లి చేతికే ఇచ్చింది.
"నా కరీదు అదే" అంటుంది అత్త,
ఎవరైనా బంగారం ధర ఎత్తితే.

పర్లాకిమిడిలో మా ఇల్లు.
మహేంద్రతనయ దాటితే పాతపట్నం.
ఏరు ఒకటే, ధరలు రెండు.
ఆడపడుచు మొగుడు పెట్రోలు కోసం ఇటొస్తాడు,
పనిలో పనిగా మా ఇంట భోజనం.
అత్త వడ్డిస్తూనే లెక్క కడుతుంది:
లీటరు మీద అతనికి మిగిలిందెంత,
కంచంలో పడిందెంత.
కట్టి, ఇంకో వంకాయ వేస్తుంది.

నేను కాపురానికొచ్చిన కొత్తలో
అరిగి అరిగి రేకైపోయిన సబ్బుని
కొత్త సబ్బు వీపున అతికించి ఇచ్చింది.
"సంటిదాన్నెత్తుకున్నట్టు నేదేటే?" అంది.
నాకు నవ్వు రాలేదు.

ఆనపకాయ తొక్కు పచ్చడి.
గంజి సగం తరవాణి కుండలోకి,
సగం నా నూలు చీరల్లోకి.
రెండుసార్లు పిసికిన చింతపండు పిప్పి
ఇత్తడి చెంబు తోమడానికి,
తోమిన నీళ్లు అరటి మొదట్లోకి.
కడిగిన పాల పాకెట్లు దండెం మీద
క్లిప్పులు పెట్టి ఆరేస్తుంటే
పక్కింటి సస్మితా అపా గోడ మీంచి అడిగింది,
"మావుసీ, ఈ బుల్లి జుబ్బాలెవరివి?"

లెక్కల పుస్తకం మా వాడి పాత ఒడియా నోటుబుక్కు.
సగం పేజీ వాడి గుండ్రటి అక్షరాలు,
ఖాళీ సగంలో అత్త చెప్తే నేను రాసిన ఉప్పూ పప్పూ.
వాడి ఎక్కాల కిందే
టీ పొడి బాకీ ఇరవై,
మాస్టారు ఎర్ర సిరాతో పెట్టిన టిక్కు
మా బాకీ మీదికి కూడా సాగింది.

ఒకసారి బరంపురం నుంచి నా స్నేహితురాలొచ్చింది.
అది చేతులు కడగడానికి లేచింది,
అత్త ఫ్యాను ఆపేసింది.
వచ్చి కూర్చుంది, వేసింది.
ఫోను మాట్లాడ్డానికి వసారాలోకెళ్లింది,
మళ్లీ ఆపేసింది.
ఆ రాత్రి సిగ్గుతో నేను అన్నం ముట్టలేదు.
పొద్దున్న ఆ అన్నాన్నే
తరవాణిలో నానేసి, ఉల్లిపాయ చితక్కొట్టి
నా ముందు పెట్టింది.
చెప్పకూడదు గానీ, బావుంది.

సంతలో చూడాలి ఆమెని.
కందిపప్పు షావుకారు దగ్గర
కొసరు వేసేదాకా కదలదు.
వేశాక, ఆ కొసరు మీద ఇంకో కొసరు.
అలాంటిది, కొండ దిగొచ్చిన సవర ముసలమ్మ
చింతపండు బుట్ట ముందు మాత్రం
నోరెత్తలేదు. అడిగినంతా ఇచ్చింది.
తక్కెడ మా వైపు మొగ్గితే
ఒక ఉండ తీసి బుట్టలో వెనక్కి పెట్టింది.
దారిలో నేను గొణిగాను.
"ఆ కాళ్లు సూసేవా?" అంది.
"ఆ కాళ్ల మీద మిగిల్చింది
మనకరగదే."

శనివారం శనివారం
వీధిలోకొచ్చే తెల్లావుకి తవుడు పెడుతుంది.
బియ్యం కొలిచే డబ్బా పక్కనే ఉంటుంది,
ముట్టదు.
దోసిలి, ఇంకో దోసిలి,
గాలికి కొంత ఎగిరిపోతున్నా పట్టించుకోదు.

నిన్న అడిగేశాను,
"ఆవాలు లెక్కెట్టే దానివి,
ఇది కొలవవేం అత్తా?"

చేతులు దులుపుకుంది.
దులిపిన పొట్టు కూడా ఆవు ముందే పడేలా.
"నన్ను కొన్నావిడ ఎప్పుడో ఎల్లిపోనాది.
ఆవిడ తవుడు మా అమ్మింట్లో ఉండిపోనాది.
కొలిస్తే ఏ రోజుకి తీరిపోద్దో
తెలిసిపోదేటి?"

లోపలికొస్తూ
వసారా లైటు ఆపేసింది.
ఆవు ఇంకా తింటూనే ఉంది,
చీకట్లో.